తీసినవారి సంతకం

ఒకసారి వేసిన మార్కును మళ్ళీ మార్చే అలవాటు నాకు లేదు. కర్నూలులో నేను పాఠాలు చెప్పిన కంప్యూటర్ ట్రైనింగ్ సెంటర్లో ఈ సంగతి చిన్నా పెద్దా అందరికీ తెలుసు. అయినా పరీక్షలు కాగానే ఎవరో ఒక తండ్రి పళ్ళ సంచీ పట్టుకొని వచ్చేవాడు. నేను పళ్ళు తీసుకొని, మార్కును ఉన్నచోటే ఉంచేదాన్ని. ఒకే తండ్రి రెండోసారి పళ్ళు తెచ్చిన గుర్తు లేదు.

మాది రాజంపేటలో కిరాణా అంగడి నడుపుకునే కుటుంబం. తక్కెడ ముల్లు నిలబడేదాకా మా నాన్న పొట్లం కట్టేవాడు కాదు. ఎదురుగా ఉన్నది సొంత బావమరిది అయినా, ఊరి పెద్దమనిషి అయినా, ముల్లు ఆగాల్సిందే. ఆ మొండితనం మా అన్నలకు రాలేదు, నాకు వచ్చింది. అంగట్లో కూర్చునేవాళ్ళకు రావలసింది కంప్యూటర్ల ముందు కూర్చునేదానికి వచ్చిందని మా అమ్మ బాధపడేది.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో, హైదరాబాదులో నేను పనిచేసే కంపెనీ ఒక శుక్రవారం మూతపడింది. సోమవారానికి అక్కడ ఇంకో బోర్డు వేలాడుతోంది. నేను కర్నూలు వచ్చేసి, పక్కనే ఉన్న కల్లూరులో ఒక గది అద్దెకు తీసుకొని, రోజూ పొద్దున్నే షేర్ ఆటోలో పదిమంది మధ్య ఒదిగి కూర్చొని పాఠాలు చెప్పడానికి పోయేదాన్ని. నాలుగేళ్ళు అలా గడిచాక మా సెంటర్ యజమాని నన్ను పిలిచి, కడపలో పన్నెండు రోజుల పని ఉందన్నాడు.

రైతులకు విత్తనాలు సరఫరా చేసే ఒక సంస్థ అది. పేరెందుకు లెండి. రెండు జిల్లాల డిపోల వివరాలన్నీ కడప ఆఫీసులో ఒకేచోట ఉండాలని వాళ్ళు కొత్తగా ఒక డేటాబేస్ పెట్టుకున్నారు. ఒక సర్వర్ ఆగిపోయినా పని ఆగకుండా, రెండు సర్వర్లు కలిసి ఆ ఒక్క డేటాబేసునే నడిపే ఏర్పాటు. దాన్ని క్లస్టర్ అంటారు. అమ్మినవాళ్ళు దాన్ని బిగించి, టీ తాగి, అందరితో చేతులు కలిపి వెళ్ళిపోయారు. దాన్ని చూసుకోవడం ఎలాగో ఆఫీసులో ఒక్కరికీ తెలియదు. నలుగురికి నేర్పించి, చివర్లో పరీక్ష పెట్టి, ఎవరు పనికొస్తారో రాసివ్వడం నా పని.

"ఇది బాగా చేసినామంటే అనంతపురం పని గూడా మనకే వస్తుంది మేడమ్. శానా పెద్ద పని," అన్నాడు యజమాని. నేను బాగా చేయని పని ఏదైనా ఉందా అన్నట్టు చూశాను. ఆ రోజుల్లో అలాగే చూసేదాన్ని.

కడప ఆఫీసులో సర్వర్ల గది వెనకవైపు ఉండేది. అసలు జత సర్వర్లు కాక, నేర్చుకోవడానికని అచ్చం అలాంటిదే ఇంకో జత కూడా ఇచ్చారు. రెండు జతలూ రెండు ఇనుప బీరువాల్లో పక్కపక్కనే ఉండేవి. ఎడమ బీరువాలో నేర్చుకునే జత, కుడి బీరువాలో అసలు జత. ముందు తలుపుల మీద ఏది ఏ జతో రాసిన చీటీలు అంటించారు. కుడివైపు జోలికి ఎవరూ పోవద్దని మొదటి రోజే నేను వేలు చూపించి మరీ చెప్పాను. మా పాఠాలన్నీ పక్కగదిలో, ఎడమ బీరువాతో కలిపిన నాలుగు కంప్యూటర్ల ముందు.

నలుగురిలో ముగ్గురు ఇంజనీరింగ్ చదివి కొత్తగా చేరిన కుర్రాళ్ళు. నాలుగో ఆయనకు యాభై మూడేళ్ళు. బేతంచెర్ల డిపోలో స్టోర్ కీపర్. తెల్ల చొక్కా, జేబులో రెండు పెన్నులు, చంకలో ఒక పొడుగాటి రిజిస్టర్. ఆ రిజిస్టర్ తెరిస్తే పుటల మధ్య నుంచి సన్నటి తెల్లపొడి రాలేది. బేతంచెర్లలో బండలు పాలిష్ పట్టేటప్పుడు లేచే పొడి అది. అన్నంలో కూడా ఉంటుందని ఆయనే చెప్పాడు. ఫిర్యాదు చేస్తున్నట్టు కాదు, నాకు తెలియాలన్నట్టు చెప్పాడు.

ఈయన ఇక్కడికి ఎందుకు వచ్చాడో కడప ఆఫీసర్ మొదటి రోజే, ఆయన ఎదుటే చెప్పాడు.

"ఈయప్ప సొంతంగా అర్జీ పెట్టుకోని వచ్చినాడు మేడమ్. ఇన్నేండ్ల సర్వీసులో ఇదే మొదటి అర్జీ. పాసైతే రిటైరయ్యేదాకా ఈడనే, కంప్యూటర్ సెక్షన్లో. లేకుంటే పరీక్ష అయిన సోమవారం బేతంచెర్లకు పోయి మళ్ళా మూటలు చూసుకోవాల్సిందే."

పెద్దాయన తల ఊపాడు, ఎవరి గురించో మాట్లాడుతున్నట్టు.

అర్జీ ఎందుకు పెట్టుకున్నాడో మూడో రోజు టీ దగ్గర తెలిసింది. ఆయన భార్య కడపలోనే ఒక ఆసుపత్రిలో నర్సు. పెళ్ళయిన నాటి నుంచి ఆయన డిపోలు మారుతూ వచ్చాడు, ఆమె ఆసుపత్రి మారలేదు. ఆదోని, పత్తికొండ, బేతంచెర్ల. శనివారం రాత్రికి కడప చేరడం, ఆదివారం సాయంత్రం నంద్యాల బస్సెక్కడం. ఇంట్లో తలుపు వెనక మేకుకు ఆయన సంచి వేలాడుతూ ఉంటుంది. ఉతికిన గుడ్డలు అందులోంచి తీయడం, మాసినవి విడిచి మళ్ళీ ఉతికినవి అందులోనే పెట్టడం.

"పెండ్లయి ఇరవై రెండేండ్లాయె మేడమ్. బీరువాలో ఒక అర నాకని ఇడిసి పెట్టింది. అది ఖాళీగానే ఉండాది," అన్నాడు.

నేను మిగిలిన టీ ఒక్క గుక్కలో తాగేసి, టైమయింది, లోపలికి రండి అన్నాను.

పాఠం మాటకొస్తే, క్లస్టర్ గురించి చెప్పడానికి నా దగ్గర ఒక పద్ధతి ఉండేది. బోర్డు మీద పెట్టెలు గీసి, బాణాలు వేసి, ఎనిమిదో రోజుకు అసలు కష్టమైన చోటికి తీసుకెళ్ళేదాన్ని. కడపలో పెట్టెలు కాకుండా గోదాము గీశాను. ఒకే గోదాము, రెండు తలుపులు, తలుపుకొక గుమాస్తా. ఇద్దరూ అవే మూటలు ఇస్తుంటారు. కాబట్టి ఏ మూటమీద చేయి వేసినా ఒకరితో ఒకరు చెప్పుకుంటూ ఉండాలి. వాళ్ళ మధ్య మాట నడిచే దారి ఒక కేబుల్.

రెండో రోజే పెద్దాయన చెయ్యి ఎత్తాడు.

"ఇద్దరు గుమాస్తాలూ బాగానే ఉండి, నడుమ కేబుల్ ఒకటే తెగితే ఎట్ల మేడమ్? అవతలోడు సచ్చినాడని వీడు, వీడు సచ్చినాడని వాడు, ఒకే మూటను ఇద్దరికీ రాసిస్తారు కదా."

సరిగ్గా అదే నా ఎనిమిదో రోజు పాఠం. నాకు మంటెత్తింది. ఆరు రోజులు ఊరించి చెప్పవలసిన దాన్ని ఈయన టీ బ్రేకుకు ముందే లాగేశాడు. విధిలేక చెప్పాను. అలాంటప్పుడు ఇద్దరిలో ఒకరు తప్పుకోవాలి, పని ఆపేసి మళ్ళీ మొదటి నుంచి లేవాలి. ఎవరు తప్పుకోవాలో తేల్చడానికి ఇద్దరికీ కనబడేచోట చిన్న డిస్కు ఒకటి ఉంటుంది. దాని మీద ముందు ఎవరు గుర్తు పెడితే వాళ్ళు నిలుస్తారు.

"అంటే అది రిజిస్టర్," అన్నాడు ఆయన, చాలా తృప్తిగా.

కుర్రాళ్ళు నవ్వారు. నేను కాదనలేకపోయాను. కాదనడానికి కారణం వెతికాను కానీ దొరకలేదు.

ఆయనకు విషయం తెలియక కాదు. ఆయనకు చేతకానిది తొందర. స్టోరులో ముప్ఫై గజాల తాడు బయటికి పోయినా, పోకముందే రిజిస్టర్లో ఎక్కాలి. ఏ వస్తువు, ఏ సమయం, ఎందుకు, తీసినవారి సంతకం, తిరిగి పెట్టినవారి సంతకం. ఈ ఐదు గడులూ నిండకుండా ఆయన చెయ్యి దేన్నీ ముట్టదు. కంప్యూటర్ దగ్గరా అంతే. నేను కావాలని ఏదో ఒకటి చెడగొడతాను, వాళ్ళు బాగుచేయాలి. కుర్రాళ్ళు ఎనిమిది నిమిషాల్లో బాగుచేసి కాళ్ళూపుకుంటూ కూర్చునేవారు. ఈయన మొదట ఏం చెడిందో రాసి, తర్వాత ఏం చేయబోతున్నాడో రాసి, ఆ తర్వాత చేసేవాడు. ఇరవై ఐదు నిమిషాలు. నేను పెట్టిన గడువు పదిహేను.

ఒకరోజు నేను ఆయన దగ్గర స్క్రూడ్రైవర్ అడిగి తీసుకున్నాను. రిజిస్టర్ ముందుకు జరిపి పెన్ను ఇచ్చాడు. సంతకం చేశాను. తిరిగి ఇచ్చేటప్పుడు మళ్ళీ జరిపాడు. మళ్ళీ చేశాను. కుర్రాళ్ళు తలలు దించుకొని నవ్వుకుంటున్నారు. నాకు తల కొట్టేసినట్టయింది.

"సార్, ఇది స్టోరు కాదు. మీరు రాసుకునేలోపు అక్కడ సర్వర్ పోతుంది," అన్నాను.

"రాయకుండా తీస్తే, తీసిందెవరో సర్వర్ కు గూడా తెలీదు మేడమ్," అన్నాడు. పెడసరంగా కాదు. ఆయన ఏదీ పెడసరంగా అనడు, అందుకే నాకు ఇంకా కోపం వచ్చేది. ఇకమీదట ఆ రిజిస్టర్ నా ముందు తెరవొద్దని చెప్పాను. ఆయన పక్క బల్లకు మారి అక్కడ తెరిచాడు.

మధ్యలో వచ్చిన ఆదివారం నేను రాజంపేట పోయి అమ్మ చేతి అన్నం తిని వచ్చాను. ఆ రోజు ఆఫీసులో ఇంకో పని జరిగింది. సర్వర్ల గదిలో పరిచిన బండల్లో ఒకటి కుంగిపోతోందని మేస్త్రీని పిలిపించి, సర్వర్లు ఆపి, బీరువాలు బయటికి జరిపి, బండలు తిరిగి వేయించారు. దగ్గరుండి చూసుకున్నది పెద్దాయనే. బండలు ఆయన ఊరివి, చూసుకోవడం ఆయనకే బాగా తెలుసు. సోమవారం పొద్దున నేను చెప్పులు విడవకముందే రిజిస్టర్ తెరిచి ఎదురొచ్చాడు.

"ఆదివారం పని రాసినా మేడమ్. ఒకసారి సూసి సంతకం..."

"తర్వాత చూస్తాను సార్," అన్నాను.

తర్వాత చూడలేదు. గది గచ్చు చక్కగా ఉంది, బీరువాలు రెండూ ఉన్నాయి. చూడడానికి ఇంకేముంటుంది అనుకున్నాను.

రెండో వారంలో ఆయన ఇరవై నిమిషాలకు వచ్చాడు, పద్దెనిమిదికి వచ్చాడు. శుక్రవారం ఒకసారి పద్నాలుగున్నరకు ముగించి, తానే నమ్మలేనట్టు గోడ గడియారం వైపు రెండుసార్లు చూశాడు. పరీక్ష శనివారం.

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. నలుగురికీ నాలుగు వేరువేరు తప్పులు సిద్ధం చేసుకున్నాను. మొదటి మూడూ కీబోర్డు నుంచి నేను చేసేవి. ఒకరికి డిస్కు నింపేస్తాను, ఒకరికి ఒక ప్రోగ్రామ్ ఆపేస్తాను, అలాంటివి. వెతికితే గానీ దొరకవు. నాలుగోది పెద్దాయనకు. సర్వర్ల మధ్య కేబుల్ ఊడదీయడం. కంటికి కనబడే తప్పు, చేత్తో బాగయ్యే తప్పు, రెండో రోజే ఆయన అడిగిన తప్పు. అన్నిటికన్నా తేలికైనదాన్ని ఏరి ఆయన కోసం పెట్టాను. ఎవరికీ చెప్పలేదు. ఆ ఖాళీ అర నా మనసులోంచి పోలేదు. మార్కు మార్చను గానీ, మార్కుకు ముందే చేయగలిగింది చేశాను. అది పక్షపాతం కాదని నాకు నేనే చెప్పుకున్నాను.

కుర్రాళ్ళు ముగ్గురూ గడువులోపే ముగించారు. పెద్దాయన వంతు వచ్చింది. ఆయన్ను కంప్యూటర్ ముందు కూర్చోమని, నేను సర్వర్ల గదిలోకి పోయాను. కేబుళ్ళు బీరువాల వెనకవైపు ఉంటాయి కాబట్టి పక్కసందులోంచి వెనక్కి పోయి, నేర్చుకునే జత ఏ పక్కన ఉండాలో ఆ బీరువాలో చెయ్యి పెట్టి, కేబుల్ పీకాను. బయటికి వచ్చి గడియారం చూసి, "మొదలుపెట్టండి సార్," అన్నాను. పదకొండు ఇరవై.

ఆయన తెర చూశాడు. మళ్ళీ చూశాడు. కళ్ళద్దాలు తీసి తుడుచుకొని మరోసారి చూశాడు. ఏదో అడగబోయి, కుర్రాళ్ళ వైపు చూసి, అడగలేదు. రిజిస్టర్ తీసుకొని సర్వర్ల గదిలోకి నడిచాడు. ఐదు నిమిషాలయింది. పది అయింది. పదిహేను అయింది. నేను కూర్చున్నచోట కూర్చోలేక లేచి నిలబడ్డాను. లేచి లోపలికి పోకూడదు, అది నేను పెట్టిన నియమమే. మధ్యలో ఆయన ఒకసారి బయటికి వచ్చి, మా వైపు చూడకుండా ముందు హాల్లోకి పోయి, డిపోల పని చూసే గుమాస్తాల వెనక ఒక్క నిమిషం నిలబడి, మళ్ళీ గదిలోకి పోయాడు. చివరికి వచ్చి, "అయింది మేడమ్," అన్నాడు.

పంతొమ్మిది నిమిషాలు.

"ఏం చేశారు?"

"కేబుల్ ఊడింది, పెట్టినా. రాసినా."

రాశాను అన్న ఆ ఒక్క మాటకు నా ఒళ్ళు మండింది. ఇంత తేలికది ఇచ్చినా రాసుకుంటూ కూర్చున్నాడు. "గడువు పదిహేను సార్," అన్నాను. "తెలుసు మేడమ్," అన్నాడు. జాబితాలో ఆయన పేరెదురుగా ఉత్తీర్ణుడు కాడు అని రాసి, సంతకం చేసి, ఆఫీసర్ గదికి పంపించాను. నాకు ఏడుపొచ్చింది. ఏడవలేదు, భోజనం మాత్రం చేయలేదు.

మధ్యాహ్నం రిపోర్టు రాయడానికి కూర్చున్నాను. ప్రతి పరీక్షకూ సర్వర్ తనంతట తాను రాసుకునే లాగ్ జతచేయాలి. ఏ సమయానికి ఏం జరిగిందో అందులో ఉంటుంది. కుర్రాళ్ళ ముగ్గురి తప్పులూ నేర్చుకునే జత లాగ్‌లో వరసగా ఉన్నాయి. పదకొండు ఇరవై దగ్గర ఏమీ లేదు. కేబుల్ ఊడితే ఒక సర్వర్ తప్పుకోవాలి, మళ్ళీ లేవాలి. అలాంటిదేమీ అక్కడ జరగలేదు. రెండు సర్వర్లూ పొద్దుటి నుంచి నిమ్మళంగా ఉన్నాయి.

అసలు జత లాగ్ తెరిచాను. పదకొండు ఇరవైకి రెండో సర్వర్ తప్పుకుంది. పదకొండు ఇరవై ఆరుకు కేబుల్ తిరిగి తగిలింది. పదకొండు ముప్ఫై ఐదుకు ఆ సర్వర్ లేచి మళ్ళీ జతలో చేరింది. ఈ మధ్యకాలంలో రెండు జిల్లాల డిపోలూ మిగిలిన ఒక్క సర్వర్ మీదే నడిచాయి, ఎవరికీ ఏమీ తెలియలేదు. నేను పన్నెండు రోజులుగా చెబుతున్న పాఠం నిజమేనని అలా రుజువయింది. రుజువు చూసినవాడు ఒక్కడే, ఆయన్ను నేనే ఫెయిల్ చేశాను.

రిజిస్టర్ పక్క బల్ల మీద ఉంది. ఆదివారం నాటి పుట తీశాను. "బండలు వేసినాక బరువు సరిగా పడేదానికి బీరువాలు తారుమారు చేసి పెట్టినాము. ఇకమీదట ఎడమది అసలు జత, కుడిది నేర్చుకునేది." కింద ఆయన సంతకం, మేస్త్రీ వేలిముద్ర, నా కోసం వదిలిన ఖాళీ. ఆ తర్వాత ఈరోజు పుట. "పదకొండు ఇరవై. అసలు జత కేబుల్. పరీక్ష నిమిత్తం." తిరిగి పెట్టినవారి గడిలో ఆయన సంతకం. తీసినవారి గడి ఖాళీ.

ఆయన్ను పిలిచి, ఎందుకు చెప్పలేదని అడిగాను.

"రాసినా కదా మేడమ్. సూస్తారనుకున్నా." అన్నాడు. "పిల్లోళ్ళ ముందర టీచరమ్మది తప్పని యెట్ల చెప్పేది?"

ఇద్దరం రిజిస్టర్ పట్టుకొని ఆఫీసర్ దగ్గరికి పోయాం. జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆఫీసర్ అంతా విని, తలుపు దగ్గరికి వేసి వచ్చి, నెమ్మదిగా మాట్లాడాడు. మంచి మనిషి. మంచి మనుషులే అలాంటివి చెబుతారు.

"మేడమ్, నడుస్తాండే సర్వర్ మీద చెయ్యి పడిందని పైకి రాస్తే మీకు మాటొస్తుంది. మీ యజమానికి అనంతపురం పని రాదు. ఆ పంతొమ్మిదిని పద్నాలుగు చెయ్యండి. ఈయప్పకు పోస్టింగు, మీకు మర్యాద, నాకు ఒక ఫైలు తక్కువ."

నేను సరే అన్నాను. ఒకసారి వేసిన మార్కు మార్చే అలవాటు లేని నేను, ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా సరే అన్నాను. పెన్ను కూడా తీశాను. ఆయనకు న్యాయం జరుగుతుంది కదా అనుకున్నాను. నిజానికి నేను ఆ క్షణంలో ఆయన గురించి అనుకోలేదు.

"వద్దు సార్," అన్నాడు పెద్దాయన.

"ఏమప్పా, ఏం వద్దు?"

"నాకు పంతొమ్మిది పట్టింది. రిజిస్టర్లో అదే ఉండాది."

"ఆ పుట చించేయప్పా."

"పుటలకు నంబర్లు అచ్చేసినారు సార్. ఒకటి లేకుంటే యాడికి పోయిందని రాయల్ల."

ఆఫీసర్ కుర్చీలో వెనక్కి వాలాడు. "మరి సోమవారం బేతంచెర్లకు పోతావా?"

ఆయన చేతిలో పెన్నుకు మూత పెట్టాడు, తీశాడు, మళ్ళీ పెట్టాడు. ఆయన కళ్ళు నిండడం నేను చూశాను. ఆఫీసర్ కూడా చూసి ఫైళ్ళ వైపు తిరిగాడు.

"పోతా సార్," అన్నాడు.

నాకు సిగ్గేసింది. జీవితంలో అంత సిగ్గు ఇంకెప్పుడూ పడలేదు. ఆయన దగ్గర్నుంచి రిజిస్టర్ లాక్కుని, తీసినవారి గడిలో సంతకం చేశాను. ఆదివారం నాటి ఖాళీలోనూ చేశాను, ఆ పక్కన ఈరోజు తేదీ వేసి. ఆఫీసర్ దగ్గర తెల్లకాగితం అడిగి, తప్పు నాదని, బీరువాలు మార్చిన సంగతి రాతలో ఉన్నా నేను చదవలేదని, ఆ అభ్యర్థికి నేను అసలు పరీక్షే పెట్టలేదని రాసిచ్చాను. పెట్టని పరీక్షలో ఎవరూ ఫెయిల్ కారు. కాబట్టి ఇప్పుడు పెట్టాలి.

ఆఫీసర్ కాగితం రెండుసార్లు చదివాడు. "మీరిద్దరూ కలిసి నాకు రెండు ఫైళ్ళు చేసినారు," అని గొణిగి సంతకం పెట్టాడు.

మూడున్నరకు పరీక్ష. ఈసారి సర్వర్ల గదిలోకి పోతుంటే పెద్దాయన తలుపు దగ్గర రిజిస్టర్ పట్టుకొని నిలబడ్డాడు. ముందు సంతకం, తర్వాత కేబుల్. సంతకం చేసి, రెండు బీరువాల ముందుకూ పోయి చీటీలు చదివి, కుడి బీరువా వెనక్కి పోయి కేబుల్ పీకాను. ఆయన తెర చూశాడు, ఒకే ఒక్కసారి. లేచి పోయాడు. గది లోపలి నుంచి పెన్ను గీకుతున్న చప్పుడు వినబడింది. పదకొండు నిమిషాలకు వచ్చి, అయిందన్నాడు. నేను పోయి లాగ్ చూశాను. ఆ తర్వాత రిజిస్టర్ చూశాను. రెండూ ఒకటే చెబుతున్నాయి.

నా కాగితం ఒక వారంలో కర్నూలు చేరింది. అనంతపురం పని ఇంకెవరికో పోయింది. మా యజమాని నాతో చాలాకాలం అవసరమైనంత వరకే మాట్లాడాడు. ఆయన్ను నేను తప్పుపట్టలేదు.

ఆ శనివారం సాయంత్రం మాత్రం నేనూ పెద్దాయనా కలిసే ఆఫీసు బయటికి వచ్చాం. గేటు పక్క అంగట్లో ఎర్ర కాయిన్ బాక్సు ఫోన్ ఉండేది. ఆయన అక్కడ ఆగి, రూపాయి వేసి, ఆసుపత్రి నంబరు నొక్కాడు. భార్యను పిలిపించి, ఆమె వచ్చేదాకా రిసీవర్ రెండు చేతులతో పట్టుకొని నిలబడ్డాడు. నేను ఆటో కోసం చూస్తున్నట్టు రోడ్డు వైపు తిరిగాను.

"నేనే. ఏం లేదు. డ్యూటీ అయినాక ఇంటికి పోతావు కదా, తలుపు ఎనక సంచి ఉండాది సూడు," అన్నాడు. "అది దించి, నా గుడ్డలు తీసి అరలో పెట్టు."

అవతల ఆమె ఏదో అడిగింది.

"ఆ," అన్నాడు. "అన్నీ."